గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ఉగాది వెళ్లిందో లేదో ఇంటింటా ఒకటే మాట: ‘‘ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది.’’ మెకానిక్ వస్తాడు, సిలిండర్ తగిలిస్తాడు, గ్యాస్ ఎక్కించి డబ్బులు తీసుకుని వెళ్తాడు. మా ఇంట్లో మూడు వేసవులు ఇదే తంతు. నాలుగో ఏడు వచ్చిన కుర్రాడు మాత్రం సిలిండర్ జోలికి పోకుండా గిన్నెలో సబ్బునీళ్లు అడిగాడు. అవుట్‌డోర్ యూనిట్‌కు రాగి గొట్టం బిగించిన నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక ఉంది. దాని మీద నురగ పూశాడు. కాసేపటికి చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. మూడేళ్లు మేం కొన్న గ్యాసంతా పోయిన దారి అదే.

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మట్టి కుండకు చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. ఏసీలో జరిగేదీ అదే. కాకపోతే కుండ మీది ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఏసీలోది మూసిన గొట్టంలోనే తిరుగుతుంది. కొత్త ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్‌-32 మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గదిలోని కాయిల్‌లో ఆవిరవుతూ అది గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. బయటి కాయిల్‌లో ఆ వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. గొట్టాలు గట్టిగా ఉన్నంతకాలం అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

అసలు చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌దే కాదు. ఫిల్టర్‌కు దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది. ఇన్వర్టర్ లేని ఏసీలో కెపాసిటర్ దెబ్బతింటే ఫ్యాన్ గాలి వస్తూనే ఉంటుంది, కంప్రెసర్ మాత్రం మూలుగుతుందే తప్ప తిరగదు.

కారిన గ్యాస్ మన జేబుకే చేటు కాదు. పాత ఆర్‌-22 ఓజోన్ పొరను తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని తప్పిస్తూ వస్తున్నారు. తర్వాత వచ్చిన ఆర్‌-410ఎ వల్ల ఓజోన్‌కు ముప్పు లేదు గానీ, అది ఒక్క కిలో గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కలో దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్‌-32 అయినా 675 కిలోల పెట్టు. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలని 2016లో కిగాలిలో దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో ఆమోదించిన మన దేశం 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. కంపెనీలు గ్యాస్ మారుస్తాయి సరే, మన బాల్కనీలో కారుతున్న నట్టును ఏ ఒప్పందం బిగిస్తుంది?

ఇందులో మెకానిక్ తప్పు కంటే మన తప్పే ఎక్కువ అంటాను. గ్యాస్ నింపితే అడిగినంత ఇస్తాం, గంటసేపు లీకు వెతికితే ‘‘ఏం చేశావని?’’ అంటాం.

ఈ వేసవి మెకానిక్ రాగానే ముందు ‘‘లీకు ఎక్కడ?’’ అని అడగండి. దాన్ని మూశాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేయమనండి. గ్యాస్ తూకం వేసి నింపమనండి, ఎంత పట్టాలో యూనిట్ మీది స్టిక్కర్‌పైనే రాసి ఉంటుంది. మిగిలిన పాత గ్యాస్‌ను గాలిలోకి వదలనివ్వకండి, సిలిండర్‌లోకి పట్టమనండి. వెతికిన శ్రమకు విడిగా కూలి ఇవ్వండి.