మిద్దె మీద గ్రిల్లు... హీరో ఎవరు?

హీరోగారు అమెరికాలో ఉన్నాడని చెప్పడానికి మన డైరెక్టర్లకి పెద్ద కష్టం లేదు. ఇంటి వెనక పచ్చగడ్డి, గడ్డి మీద ఓ గ్రిల్లు, గ్రిల్లు మీద పొగ, పొగ వెనక ఏప్రాన్ కట్టుకున్న హీరో! చేతిలో పొడుగాటి పటకారు. పక్కన నవ్వుతూ హీరోయిన్. నాలుగు ముక్కలు అటు తిప్పుతాడు, నాలుగు ముక్కలు ఇటు తిప్పుతాడు. కట్ చేస్తే పాట! ఆ ముక్కలు ఉడికాయో లేదో, ఆ జిడ్డు కడ్డీలు ఎవరు తోమారో మాత్రం చూపించరు.

ఆ చూపించని రీలు గురించే ఈ వారం కబుర్లు.

ఎందుకంటే ఆ గ్రిల్లు ఇప్పుడు ఒక్క అమెరికాలోనే లేదు. ఆదోనిలో మా మిద్దె మీద ఉంది. ఎమ్మిగనూరులో మా మిత్రుడి మిద్దె మీదా ఉంది. సూట్‌కేసంత సైజు. మడిచే కాళ్లు, పైన మూత, లోపల ఒకటో రెండో బర్నర్లు, వాటి పైన ఇనప కడ్డీలు, కింద కారిన కొవ్వు పట్టే ట్రే. అంతే సరంజామా!

అసలు ఈ గ్యాస్ గ్రిల్లు పుట్టుక కూడా ఓ కమర్షియల్ కథే. అమెరికా వాళ్లు పెరట్లో బొగ్గుల మీద మాంసం కాల్చుకుంటుంటే, 1960ల మొదట్లో ఆర్కాన్సా లూసియానా గ్యాస్ కంపెనీ మనుషులు ఆ బొగ్గుల గ్రిల్లులోకి గ్యాస్ గొట్టం పెట్టారు. జనం పెరట్లో కూడా గ్యాస్ కాలిస్తే కంపెనీకి లాభమే కదా! అక్కడి నుంచి మన డాలస్ బావలకీ, న్యూజెర్సీ వదినలకీ, వాళ్ల ఫోటోల్లోంచి మనకీ పాకింది.

మన ఇళ్లలోకి గ్యాస్ వచ్చిన కథ వేరు. పడమటి కర్నూలు పల్లెల్లో పత్తి ఏరడం అయ్యాక మిగిలిన కట్టెలే పొయ్యిలోకి వచ్చేవి. మంట కన్నా పొగ ఎక్కువ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. చాలా ఇళ్లలో ఆడవాళ్ల పేరు మీద మొదటి కనెక్షన్ అప్పుడే. 2024లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 మొదలైంది. అంటే మన దగ్గర గ్యాస్ వచ్చింది సరదాకి కాదు, అమ్మల కళ్లు మండకుండా ఉండడానికి. ఈ మాట గుర్తుంచుకోండి, క్లైమాక్స్‌లో పనికొస్తుంది.

ఇక కొనే ముందు సంగతులు. షాపులో తళతళ చూసి మోసపోవద్దు. మూత ఎత్తి కడ్డీలు చేత్తో పట్టుకు చూడండి. బరువుగా ఉంటే వేడి నిలుస్తుంది. సన్నటి తీగల్లాంటివైతే చల్లటి ముక్క పడగానే వేడి దిగిపోతుంది. ట్రే సులువుగా బయటికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది మన ఇంటి గ్యాస్ రెగ్యులేటర్‌కి సరిపోయేదేనా అని అడగాలి. అమెరికా నుంచి మేనమామ కొడుకు మోసుకొచ్చాడని సంబరపడితే చాలదు. వాళ్ల సిలిండర్ మూతి వేరు, మన సిలిండర్ మూతి వేరు. దాన్నీ దీన్నీ టేపు చుట్టి అతికించే మేధావులున్నారు, వాళ్లకి దూరంగా ఉండండి!

మిద్దె మీదికి 14.2 కిలోల సిలిండర్ మోయడం కన్నా 5 కిలోలది సుఖం. చిన్న గ్రిల్లు, ఒక బర్నర్, పెద్ద మంట మీద గంటకి సుమారు పావుకిలో గ్యాస్ తాగుతుంది. లెక్కేసుకోండి, 5 కిలోలకి ఇరవై గంటలు. ఆదివారం ఆదివారం ఓ గంట వెలిగించినా నెలలు గడుస్తాయి. గొట్టం మాత్రం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కావాలి, దాని గడువు దాటితే మార్చెయ్యాలి.

అన్నట్టు, దీన్ని గదిలో పెట్టి వెలిగించకూడదు. వంటింట్లో కూడా వద్దు. వాన పడుతోందని తలుపేసుకుని అసలే వద్దు. గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు, మనిషిని నిద్రపుచ్చినట్టే చంపేస్తుంది. మన ఎల్పీజీ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నేల మీద పాకి మూలల్లో కూర్చుంటుంది. అందుకే తెరిచి ఉన్న మిద్దె గానీ పెరడు గానీ మంచిది. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడండి. బుడగలొస్తే ఆ రోజుకి వంట బంద్! వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. మూసి తిప్పితే లోపల గ్యాస్ నిండి, అగ్గి తగలగానే ఢాం! సినిమాలో అయితే డూప్ ఉంటాడు. మీకెవరున్నారు?

వంట సంగతికొద్దాం. వెలిగించాక మూత వేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తర్వాత బ్రష్‌తో కడ్డీలు రుద్దాలి. నూనె కడ్డీలకి కాదు, ముక్కలకి రాయాలి. రెండు బర్నర్లుంటే ఒకటి పెద్ద మంట, రెండోది ఆర్పెయ్యాలి. కొవ్వు కారి మంట లేస్తే ముక్కల్ని ఆరిన పక్కకి జరపడమే మందు. కోడి తొడ ముక్క పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండడం కొత్తవాళ్లందరికీ వచ్చే జబ్బు. పెద్ద మంట మీద రంగు తెప్పించి, ఆరిన పక్కన మూత వేసి ఉడకనివ్వాలి. ఎముక దగ్గర కూడా 74 డిగ్రీలు దాటితే నిశ్చింత.

"బొగ్గుల రుచి వస్తుందా?" అని ఎమ్మిగనూరు మిత్రుడు అడిగాడు. నిజం చెప్పాలంటే సగం వస్తుంది. ఆ వాసనలో పెద్ద భాగం బొగ్గులది కాదు. ముక్కల్లోంచి కారిన కొవ్వూ రసమూ వేడి మీద పడి పొగై లేచి మళ్లీ ముక్కలకే పట్టుకుంటాయి. గ్యాస్ గ్రిల్లులోనూ అది జరుగుతుంది. కానీ ఎర్రటి నిప్పుల సెగ ముందు చిన్న బర్నర్ సెగ కాస్త తక్కువే. సాయంత్రం పూట బండి మీద విసనకర్ర ఊపుతూ సీకులు తిప్పే కబాబ్ భాయ్‌కి మీ గ్రిల్లు పోటీ రాదు. ఆయన చేతికి ఏళ్ల అనుభవం ఉంది. అక్కడ తినేది అక్కడే తినండి.

మరి మన గ్రిల్లు దేనికి? వంకాయకి! నవ్వకండి. వంకాయకి అక్కడక్కడా గాట్లు పెట్టి (పెట్టకపోతే పేలుతుంది) కడ్డీల మీద తిప్పుతూ ఇరవై నిమిషాలు కాల్చండి. పక్కనే నాలుగు టమోటాలు, పచ్చిమిరపకాయలు. పొట్టు వలిచి, వేయించిన బుడ్డలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరితే ఆ ఊరిబిండి ముందు ఏ బార్బెక్యూ సాసైనా బలాదూర్! జొన్నరొట్టె పిండిని మాత్రం నేరుగా కడ్డీల మీద వెయ్యకండి, జారిపోతుంది. పెనం మీద రెండు వైపులా కాల్చి, చివర్లో కడ్డీల మీదికి మారిస్తే పూరీలా పొంగుతుంది. మొక్కజొన్న కంకులైతే చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో మాంసం తిననివాళ్లుంటే వాళ్ల వంకాయలు, కంకులు ముందు కానిచ్చి, తర్వాతే కోడి ఎక్కించండి. అది మర్యాద.

ఇప్పుడు అసలు సీను. ఓ ఆదివారం ఎమ్మిగనూరులో మిత్రుడి ఇంట్లో గ్రిల్లు పార్టీ. మావాడు నలభై నిమిషాలు పటకారు తిప్పాడు. రీల్స్ తీయించుకున్నాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. వాళ్లమ్మ మధ్యాహ్నం మూడింటి నుంచి కోడి కడిగి, అల్లంవెల్లుల్లి నూరి, పెరుగు కలిపి, రొట్టెలు తట్టింది. చెల్లెలు ఉల్లిపాయలు కోసి, ప్లేట్లు మోసి మిద్దె మెట్లు పదిసార్లు ఎక్కి దిగింది. రాత్రి పదకొండింటికి జిడ్డు కడ్డీలు తోముతూ వాళ్లమ్మే కనబడింది.

"వీడు వండితే నాకు సెలవనుకున్నానప్పా. పని రెండింతలైంది" అంది నవ్వుతూ. ఆ నవ్వులో నవ్వు లేదు.

ఇదీ చూపించని రీలు! టైటిల్స్‌లో హీరో పేరు ఒక్కటే వేసి, లైట్ బాయ్ నుంచి ఎడిటర్ దాకా అందరి పేర్లూ కొట్టేసినట్టు! పొగ నుంచి తప్పించడానికి వచ్చిన గ్యాస్ మళ్లీ అమ్మ నెత్తినే ఇంకో పని పెడితే ఇక లాభమేమిటి?

మా ఇంట్లో ఒక రూలు ఉంది. గ్రిల్లు ఎవరు వెలిగిస్తే కోసేది, కలిపేది, మోసేది, తోమేది వాళ్లే. తోమడం బ్రహ్మవిద్యేం కాదు. వంటయ్యాక ఐదు నిమిషాలు పెద్ద మంట పెడితే అంటుకున్నదంతా మాడి పొడవుతుంది. ఆర్పి, చల్లారాక బ్రష్‌తో గీకి, ట్రేలో కొవ్వు పారబోసి కడిగితే సరి. కొవ్వు ట్రేలో వదిలేస్తే వచ్చే ఆదివారం అదే అంటుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన వంటిళ్ల సంగతి మీకు తెలుసు. బయట 40 దాటితే, బండల మిద్దె కింద పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఇంకెంత? సాయంత్రం మిద్దె మీద గాలి తోలుతుంటే, అమ్మ కుర్చీలో కూర్చుని "ఆ వంకాయ తిప్పురా, మాడుతోంది" అని డైరెక్షన్ చేస్తుంటే, గ్రిల్లుకి పెట్టిన డబ్బు ఆ ఒక్క మాటతో తీరిపోతుంది. చిన్న గ్యాస్ గ్రిల్లుకున్న అసలు గొప్ప రుచి కాదు, వేడిని వంటింట్లోంచి బయటికి తేవడం. వంటతో పాటు చాకిరీ కూడా చేతులు మారాలి, అప్పుడే గొప్ప.

కాబట్టి కుర్రకారుకి నా మనవి. కొనుక్కోండి, కాల్చుకోండి, ఫోటోలూ దిగండి. కానీ బిల్లు కట్టినవాడు గ్రిల్లుకి ఓనరు కాదు, కడ్డీలు తోమినవాడే ఓనరు. మీ ఇంట్లో ఆ ఓనరు ఎవరో ఈ ఆదివారం ఓ కన్నేసి చూడండి. అమ్మే అయితే, పటకారు పక్కన పెట్టి బ్రష్ పట్టుకోండి హీరోగారూ!