ఇంకోసారి 'అందరికీ ఉండేదే' అనకండి

మా చెల్లెలికి మూడో నెల. మంచం కింద ప్లాస్టిక్ బకెట్, తలగడ పక్కన తడిగుడ్డ. పొద్దుటి నుంచి పదకొండుసార్లు కక్కింది. తిన్నది ఎప్పుడో పోయింది, తాగిన చెంచాడు నీళ్లూ పోయాయి. ఇక వచ్చేది పచ్చటి పసరు, చివర్లో నెత్తుటి జీర. పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో దానికి డోకు. ఉమ్మి మింగినా డోకే. ముందురోజు రాత్రి పదింటి నుంచి మర్నాడు మధ్యాహ్నం రెండింటి దాకా ఒంటేలుకి వెళ్లలేదు. వెళ్లినప్పుడు పడిన నాలుగు చుక్కలూ కాఫీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. 52 కిలోల పిల్ల 46కి దిగిపోయింది. చూడవచ్చిన పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి, "వేవిళ్లేనమ్మా, అందరికీ ఉండేదే. మేం కనలేదా పిల్లల్ని?" అంది. మా అమ్మ తలూపింది. నేనూ ఊపాను. ఆ తలూపుడు నన్నింకా వదల్లేదు.

ఆవిడ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ మాట మీద. పొద్దున లేవగానే కాస్త తిప్పడం, పుల్లమామిడి మీదికి మనసు పోవడం, నాలుగో నెలకి తేరుకోవడం, అవీ వేవిళ్లు. మా చెల్లెలికి వచ్చింది జబ్బు. దానికి పేరుంది: హైపరెమెసిస్ గ్రావిడారం. వందమంది గర్భిణుల్లో ఒకరికో, ముగ్గురి దాకానో వస్తుంది. దాన్ని కొలవడానికి లెక్కలున్నాయి. నెల తప్పకముందున్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గిందంటే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గిందంటే, అది వేవిళ్ల గీత దాటినట్టే. మూత్రంలో కీటోన్లు కనబడ్డాయంటే తిండి లేక ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకు తింటోందన్నమాట. తూకం యంత్రం ప్రతి పీహెచ్‌సీలోనూ ఉంది. ఎక్కించి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

దానికి బదులు మనం ఆ పిల్ల మనసు తవ్వుతాం. గారాబం అంటాం, అత్తారింట్లో పని తప్పించుకోడానికంటాం, కడుపు ఇష్టం లేదేమో అంటాం. ఈ పాపం చదువు లేనివాళ్ల మీదికి నెట్టకండి. తల్లి లోలోపల బిడ్డను వద్దనుకోవడం వల్లే ఈ వాంతులని ఇరవయ్యో శతాబ్దపు డాక్టర్లు పుస్తకాల్లో రాశారు. అమెరికాలో మార్లీనా ఫెయ్‌జో అనే జన్యుశాస్త్రవేత్త 1999లో ఇదే జబ్బుతో కడుపులోని బిడ్డను పోగొట్టుకుంది. అందరూ తనను పట్టించుకోవాలని వాంతులు చేసుకుంటోందన్నాడట ఆమె డాక్టరు. ఆ మాటను ఆమె మింగి ఊరుకోలేదు. 2023 డిసెంబరులో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలతో కలిసి 'నేచర్' పత్రికలో కారణం చూపించింది. జీడీఎఫ్15 అనే హార్మోను బిడ్డ నుంచి, మాయ నుంచి తల్లి రక్తంలోకి వస్తుంది. అంతకుముందు ఒంట్లో అది తక్కువగా ఉన్న తల్లికి, ఒక్కసారిగా పెరిగేసరికి దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. బీటా తలసేమియా అనే రక్తజబ్బు ఉన్నవాళ్లలో ఆ హార్మోను ముందునుంచీ ఎక్కువే, వాళ్లకి కడుపుతో ఉన్నప్పుడు వికారం చాలా తక్కువ. ఇందులో గారాబం ఎక్కడుంది? అత్తగారెక్కడుంది?

ఇక ఆసుపత్రి. చెల్లెల్ని చివరికి ఒక నర్సింగ్‌హోమ్‌కి మోసుకెళ్లాం. పేరు రాయను. ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, ఒక ఇంజెక్షన్ పొడిచి, సాయంత్రానికి పంపించేశారు. కీటోన్లు చూడలేదు, పొటాషియం చూడలేదు. మర్నాటికి మళ్లీ బకెట్. మన ఊళ్లలో సెలైన్‌నీ గ్లూకోజ్‌నీ ఒకే మాట చేసి వాడతాం కదా, ఆ తేడా మరిస్తే ఇక్కడ ప్రాణం మీదికొస్తుంది. వారాల తరబడి కక్కే మనిషి ఒంట్లో బి1 విటమిన్, థయామిన్, అడుగంటిపోతుంది. చక్కెర ఖర్చవాలంటే ఆ బి1 కావాలి. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా హరించుకుపోయి దెబ్బ మెదడుకి తగులుతుంది. చూపు నిలవదు, అడుగు తూలుతుంది, మతి తడబడుతుంది. వెర్నికీ అంటారు దాన్ని. అది వచ్చాక కొందరు మళ్లీ మామూలు మనుషులు కాలేరు. ముందు థయామిన్, ఆపైన మామూలు సెలైన్, అందులో పరీక్ష చూసి పొటాషియం. ఇదేమీ కార్పొరేట్ వైద్యం కాదు.

"కడుపుతో ఉండగా మందులా!" అనే భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. థాలిడోమైడ్ అనే మందు వేసుకున్న తల్లులకి చేతులూ కాళ్లూ సరిగా లేని బిడ్డలు పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ భయం మంచి మందునీ కాల్చింది. డాక్సిలమిన్, బి6 కలిపిన మాత్రని కోర్టు కేసులకు బెదిరి 1983లో అమెరికాలో ఆపేశారు. బిడ్డకి హాని చేస్తుందని రుజువు కాలేదు. ఆపాక ఈ వాంతులతో ఆసుపత్రుల్లో చేరేవాళ్లు పెరిగారు. 2013లో ఆ మాత్రకి మళ్లీ అనుమతిచ్చారు. ముప్ఫై ఏళ్లు! మన మెడికల్ షాపుల్లో అది ఎప్పటినుంచో దొరుకుతోంది. డాక్టరు రాసిచ్చిన ఆ చీటీని దిండు కింద దాచేయించేది మనమే.

మేమూ తక్కువ చేయలేదు. ఓఆర్‌ఎస్ అని రాసుంది కదా అని తియ్యటి డ్రింకు డబ్బాలు పట్టుకొచ్చాం. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి, ఆ డ్రింకుల్లో దానికి ఎన్నో రెట్లు చక్కెర. ఆ పేరు వాటిమీద వేయకూడదని కేంద్రం చెప్పేసరికి 2025 అక్టోబరు వచ్చింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దానికోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది.

ప్రసూతి సెలవు సంగతి చూడండి. చట్టం 26 వారాలిస్తుంది, కానీ కాన్పుకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. ఈ జబ్బు మొదలయ్యేదేమో రెండో నెలలో. గర్భం వల్ల జబ్బు చేస్తే జీతంతో ఇంకో నెల దాకా సెలవివ్వాలని అదే చట్టంలో ఉంది. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మిరపకోతకి వెళ్లే ఆడకూలీకి ఆ మాటా లేదు. ఆమె గట్టు మీద కక్కి, కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ సాలులోకి దిగుతుంది.

చెల్లెలు రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టర్ని మార్చాం. పరీక్షలో రెండు గీతలు కనబడిన వారంలోనే మాత్రలు మొదలుపెట్టారావిడ. వాంతులు ఆగలేదు, తగ్గాయి. ఈసారి మా అమ్మ తలూపుతూ కూర్చోలేదు. పాలప్యాకెట్ల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీద, చెల్లెలు ఒంటేలుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ పెన్సిల్‌తో ఒక గీత గీసి పక్కన టైము వేసేది. ఆదివారం ఆదివారం బరువు రాసేది. గీతకీ గీతకీ మధ్య ఎనిమిది గంటలు దాటితే ఎవర్నీ అడగకుండా ఆటో పిలిచేది. అలా రెండుసార్లు పిలిచింది. ఒకసారి అర్ధరాత్రి.