సైకిల్ ట్రాక్ నార్సింగిలో.. సైకిళ్లు పాతబస్తీలో!

హైదరాబాద్‌లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. ఉన్నది మాత్రం ఓఆర్ఆర్ పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు. శాలిబండ నుంచి బేగంబజార్ దుకాణంలో పనికి రోజూ సైకిల్ తొక్కేవారికి దాంతో ఏం ఫాయిదా? మూసీ దాటే దారి వాళ్లే చూసుకోవాలి. చార్మినార్ నుంచి నయాపూల్ తిన్నగానే ఉంటుంది. కానీ అఫ్జల్‌గంజ్‌ దగ్గర స్టాపు కోసం బస్సులు ఎడమకు వచ్చేస్తాయి, సైకిల్ నడిచేదీ ఆ అంచునే. ముస్లింజంగ్ పూల్ మీదుగా పోతే నేరుగా బేగంబజారే. అక్కడా రద్దీ, ట్రాలీలు తప్పవు, అయినా బండ్లు నెమ్మదిగా కదులుతాయి. సైకిల్‌కు ప్రమాదం రద్దీ కంటే వేగంతోనే ఎక్కువ. అందుకే ఫ్లైఓవర్ ఖాళీగా కనిపించినా ఎక్కొద్దు, కింది రోడ్డే నయం. కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసులు ముందు ఈ రెండు పూల్‌ల మీదైనా ఎడమవైపు సైకిల్ లేన్ గీసి, అందులో ఆటోలు ఆగకుండా చూడాలి.