ఛలోక్తి వెనుక ఛలం

చట్టసభల వార్తల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘ఆయన ఛలోక్తి విసరడంతో సభలో నవ్వులు విరిశాయి.’ ఆ నవ్వు దగ్గరే వార్త ముగుస్తుంది. అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చిందా, ఆ మాట ఎవరికి తగిలింది అన్న వివరం అందులో ఉండదు.

ఈ పదం పుట్టుకలోనే ఒక హెచ్చరిక ఉంది. ఛలము, ఉక్తి కలిస్తే ఛలోక్తి. ఛలమంటే నెపం, మోసం. గౌతముడి న్యాయసూత్రాలు పేర్కొన్న పదహారు పదార్థాల్లో ఛలం ఒకటి. ఎదుటివాడి మాటకు అతడు ఉద్దేశించని అర్థాన్ని అంటగట్టి ఖండించడమే ఛలం. ఒకడు ‘నవకంబళం’ కప్పుకున్నాడంటే, కొత్త కంబళి అన్న భావం తెలిసీ, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని నిలదీయడం దీనికి సంప్రదాయ ఉదాహరణ. సత్యనిర్ణయం కోసం సాగే ‘వాదం’లో దీనికి చోటు లేదు. గెలుపే లక్ష్యమైన ‘జల్పం’లో దీన్ని ప్రయోగిస్తారు.

తెలుగు వాడుకలో ఆ మోసం మరుగునపడి చమత్కారమే మిగిలింది. అందులో తప్పు లేదు. పార్లమెంటుకు చమత్కారం అవసరమే. 1970ల తొలినాళ్లలో పాలకపక్షం ప్రతి అశాంతి వెనుకా విదేశీ హస్తాన్ని చూపుతున్నప్పుడు, ప్రతిపక్ష సభ్యుడు పీలూ మోదీ ‘నేను సీఐఏ ఏజెంటును’ అన్న పలకను మెడలో వేసుకుని సభకు వచ్చారు. తనను తానే హాస్యానికి గురిచేసుకుని, అధికారపక్షం ఆరోపణలోని డొల్లతనాన్ని బయటపెట్టారు. ఎమర్జెన్సీలో అదే మనిషి జైలు పాలయ్యారు.

2018 ఫిబ్రవరి 7న రాజ్యసభలో జరిగింది వేరు. ప్రధాని నరేంద్ర మోదీ ప్రసంగిస్తుండగా కాంగ్రెస్ సభ్యురాలు రేణుకా చౌదరి బిగ్గరగా నవ్వారు. రామాయణం సీరియల్ తర్వాత ఇలాంటి నవ్వు వినే భాగ్యం ఇప్పుడే కలిగిందని ప్రధాని అన్నారు. ఏ పాత్ర పేరూ చెప్పలేదు. అధికారపక్షం బల్లలు చరిచింది. తర్వాత ఒక కేంద్ర మంత్రి శూర్పణఖ దృశ్యంతో కూడిన వీడియోను సామాజిక మాధ్యమంలో పెట్టారు. ఇది స్త్రీలను కించపరచడమేనని రేణుక నిరసించారు.

ఛలానికున్న సౌలభ్యం ఇక్కడే ఉంది. విన్నవారికి ఒక అర్థం అందుతుంది. నిలదీస్తే చెప్పుకోవడానికి అన్నవారికి మరొకటి సిద్ధంగా ఉంటుంది. సభాధ్యక్షుడు రికార్డు నుంచి తొలగించడానికి అందులో తప్పు మాట ఒక్కటీ దొరకదు.

పై రెండు సందర్భాలనూ ‘ఛలోక్తి’ అన్న ఒకే మాటతో రాస్తే పాఠకుడికి అన్యాయం జరుగుతుంది. అధికారాన్ని ప్రశ్నించిన మాటను చమత్కారమనాలి. మనిషిని గాయపరిచిన మాటను ఎగతాళి అనాలి. ప్రశ్నను తప్పించిన మాటను దాటవేత అనాలి. ఈ మూడింటికీ తెలుగులో వేర్వేరు పదాలున్నాయి. వాటిని వాడవలసిన బాధ్యత విలేకరులది.