నిత్యలేఖనం – ప్రాచ్యవిద్యార్థి వచనరచన

ప్రాచ్య కళాశాలలో మూడేళ్లు చదివిన విద్యార్థి సీసపద్యానికి గణవిభజన చేయగలడు. ప్రబంధంలోని దీర్ఘసమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పగలడు. బాలవ్యాకరణ సూత్రాలను సంజ్ఞాపరిచ్ఛేదం మొదలుకొని ఒప్పజెప్పగలడు. అదే విద్యార్థిని పిలిచి, నిన్న పాఠంలో వచ్చిన పద్యం ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఒక పుటలో వ్రాసి తెమ్మంటే కలం సాగదు. సాగినా, మొదటి వాక్యం గైడులోనిది, రెండవది అధ్యాపకుని ఉపన్యాసంలోనిది. సొంతమైన మూడవ వాక్యంలో కర్త ఒక వచనంలోనూ, క్రియ మరొక వచనంలోనూ ఉంటాయి. ఇది మేధకు సంబంధించిన లోపం కాదు. వ్రాయించకపోవడం వల్ల ఏర్పడిన లోపం.

వ్రాయించడం లేదనే మాటకు ఆక్షేపణ రావచ్చు. ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భసహిత వ్యాఖ్య, వ్యాసం – ఇవన్నీ వ్రాతలే కదా అని. నిజమే. కాని వాటిలో అధికభాగం జ్ఞాపకశక్తికి పరీక్ష. కంఠస్థమైనది కాగితం మీదికి దిగుతుంది. వాక్యాన్ని తానుగా కట్టవలసిన అవసరం విద్యార్థికి ఏడాదిలో ఒకటి రెండు పర్యాయాలు మాత్రమే, అదీ పరీక్షాభవనంలో, గడియారం చూసుకుంటూ కలుగుతుంది. ఈత నేర్పకుండా ఏటిలో దింపి, మునిగినవాడికి మార్కులు తగ్గించడం వంటిది ఈ పద్ధతి.

దీని ఫలితం కళాశాలతో ఆగితే అంత చింతించనక్కరలేదు. ఒకప్పటి విద్వాన్, భాషాప్రవీణ పరీక్షల కాలం నుంచీ ఈ కళాశాలల నుంచి వెలువడినవారిలో ఎందరో ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులయ్యారు. పిల్లల వ్యాసరచన నోటుపుస్తకాలు దిద్దేది వారే. తాను ఏనాడూ సొంతంగా పుట వ్రాయని ఉపాధ్యాయుడు పిల్లవాడి పుటలో అక్షరదోషాలను తప్ప మరి దేనిని చూడగలడు? వాక్యం ఎక్కడ తప్పుదారి పట్టిందో, భావం ఎక్కడ తెగిందో చూపాలంటే ఆ దారిలో తాను నడిచి ఉండాలి.

రచనకు ప్రతిభ కావాలి, అది జన్మతః రావలసినదే కాని నేర్పితే వచ్చేది కాదు అనే మాట అధ్యాపకుల విశ్రాంతి మందిరాల్లో తరచు వినిపిస్తుంది. ఆశ్చర్యమేమంటే, ఈ మాటను ఖండించే గ్రంథాలే వారి పాఠ్యప్రణాళికలో ఉన్నాయి. దండి కావ్యాదర్శంలో సహజప్రతిభను, నిర్మలమైన శాస్త్రజ్ఞానాన్ని, ఎడతెగని ప్రయత్నాన్ని కావ్యసంపదకు కారణాలుగా చెప్పి, అంతటితో ఆగలేదు. పూర్వవాసనాగుణం కొరవడినవాడు కూడా చదువుతో, శ్రమతో ఉపాసిస్తే వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం చూపుతుందన్నాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ చెప్పి, హేతుశబ్దాన్ని ఏకవచనంలో ఉంచాడు. మూడూ విడివిడి కారణాలు కావు, కలిసి ఒకే కారణమని దాని తాత్పర్యం. ఈ ఏకవచన ప్రయోజనాన్ని పరీక్షలో అడిగితే విద్యార్థులందరూ వ్రాస్తారు. మూడింటిలో అభ్యాసమనే దానికి తరగతిలో ఏ గంట కేటాయించారని అడిగితే మాత్రం సమాధానం ఉండదు.

పదకొండవ శతాబ్దపు కాశ్మీర కవి క్షేమేంద్రుడు మరింత ముందుకు వెళ్లాడు. కవికంఠాభరణంలో అతడు శిష్యులను అల్పప్రయత్నసాధ్యుడు, కృచ్ఛ్రసాధ్యుడు, అసాధ్యుడు అని మూడు తెగలుగా విభజించాడు. అభ్యాసదశలో అర్థంతో నిమిత్తం లేకుండా కేవలం ఛందస్సు కుదిరేలా పదాలు పేర్చమన్నాడు. పూర్వకవి శ్లోకంలో వృత్తం చెడకుండా పదాలు మార్చి చూడమన్నాడు. ఇవి తరగతి గది ఎరిగినవాడు చెప్పిన మాటలు. మొదటి రోజునే ఉత్తమకావ్యం వ్రాయమనలేదు. చేయి తిరగడానికి ముందు చేయి కదలాలని అతనికి తెలుసు.

అయితే, అభ్యాసం పేరుతో ప్రతిరోజూ పుట నింపితే చాలునా అంటే చాలదు. తప్పును వందసార్లు వ్రాసినవాడికి ఆ తప్పే అభ్యాసమవుతుంది. ఇక్కడ రాజశేఖరుని కావ్యమీమాంసలోని కవిచర్య మిక్కిలి ఉపకరిస్తుంది. కవి దినచర్యను అతడు జాముల వారీగా విభజించాడు. మొదటి జాములో విద్యల పరిశీలన, రెండవ జాములో రచన, భోజనానంతరం మూడవ జాములో కావ్యగోష్ఠి, నాలుగవ జాములో ఉదయం వ్రాసినదానిని ఒంటరిగా గాని కొద్దిమందితో కలిసి గాని పరీక్షించడం. రచనావేశంలో ఉన్నప్పుడు వివేచనదృష్టి పనిచేయదు కనుక పునఃపరీక్ష అవసరమని కారణం కూడా చెప్పాడు. దోషాలు సవరించుకొన్నాకనే, రాత్రి తొలిజాములో శుద్ధప్రతి వ్రాసుకోవడం. అంటే వ్రాయడం, చూడడం, మళ్లీ వ్రాయడం ఒకే పని కాదు. మూడు వేర్వేరు వేళల్లో, మూడు వేర్వేరు చిత్తవృత్తులతో చేయవలసిన పనులు. నేటి తరగతుల్లో మొదటిది అరుదు. రెండవది ఎర్రసిరాతో అధ్యాపకుడు చేస్తాడు. మూడవది అసలు లేదు.

తెలుగులో వ్యాసరచన విషయమై గొప్ప చర్చే జరిగింది. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ చర్చలో ప్రసిద్ధం. గిడుగు వెంకట రామమూర్తి ఒకవైపు, జయంతి రామయ్య పంతులు మరొకవైపు నిలిచి వాదించిన ముఖ్యప్రశ్న విద్యార్థి ఏ భాషలో వ్రాయాలన్నది. ఆ ప్రశ్నకు కాలమే సమాధానం చెప్పింది. విద్యార్థి ఎన్నిసార్లు వ్రాయాలి, వ్రాసినదాన్ని ఎవరు ఎలా చదవాలి అన్న ప్రశ్న మాత్రం అంతటి వాదానికి నోచుకోలేదు. అందువల్లనే ఏ శైలి గెలిచినా విద్యార్థి చేతిలో రెండు శైలులూ కలగాపులగమై కనిపిస్తాయి. ‘చేయుచున్నాడు’ అని మొదలుపెట్టిన పేరా ‘చేస్తాడు’ అని ముగుస్తుంది. ఏదో ఒకదాన్ని నిలకడగా వ్రాసే అలవాటు లేనివాడికి రెండింటి మధ్య గీత కనిపించదు.

నిత్యాభ్యాసం ఏమి చేస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. క్త్వార్థక క్రియకూ, ప్రధాన క్రియకూ కర్త ఒకటే కావాలన్న నియమం విద్యార్థి ఎరుగును. పాణిని దీనిని మూడవ అధ్యాయం నాలుగవ పాదంలో చెప్పాడని కూడా ఎరుగును. కాని తన వ్యాసంలో ‘గ్రంథం చదివి అర్థం తెలిసింది’ అని వ్రాస్తాడు. చదివినవాడు వేరు, తెలిసినది వేరు. సూత్రం నోటిలో ఉన్నది, చేతికి రాలేదు. ఈ వాక్యాన్ని నల్లబల్ల మీద వ్రాసి, దాని పక్కనే ‘నేను ఇంటికి వచ్చి వాన కురిసింది’, ‘వాన కురిసి చెరువు నిండింది’ అనే మరి రెండు వాక్యాలు వ్రాస్తే చర్చ మొదలవుతుంది. రెండింటిలోనూ కర్తలు వేరు. మొదటిదాన్ని ఏ తెలుగువాడి చెవీ అంగీకరించదు. రెండవదాన్ని ఏ చెవీ కాదనదు. ఎందుకు? వాన కురవడం చెరువు నిండడానికి కారణం కనుక, కార్యకారణ సంబంధం ఉన్నచోట తెలుగు ఈ వెసులుబాటును సహిస్తుందని విద్యార్థులే చెప్పగలుగుతారు. ‘దీపం ఆరి గది చీకటయింది’ అని మరొకడు అందిస్తాడు. మరి చదవడం కూడా అర్థం తెలియడానికి కారణమే కదా, ఆ వాక్యం ఎందుకు ఎబ్బెట్టుగా ఉన్నదని ఇంకొకడు అడుగుతాడు. ఈ ప్రశ్న సులభమైనది కాదు. చదవడం మనిషి పూనుకొని చేసే పని, కురవడం, ఆరడం వాటంతట అవి జరిగేవి అన్న భేదం దగ్గర వెదకవలసి ఉంటుంది. వ్యాకరణ పాఠంలో నెలరోజులు వల్లించినా రాని ప్రశ్న, ఒక్క తప్పు వాక్యం వల్ల వచ్చింది. వ్రాయనివాడికి తప్పు రాదు. తప్పు రానివాడికి సూత్రంతో పనిపడదు.

దిద్దడం గురించి కొంత చెప్పాలి. పుటంతా ఎర్రసిరాతో నింపిన నోటుపుస్తకాన్ని విద్యార్థి తెరచి చూడడు. మార్కు చూసి మూసివేస్తాడు. వారానికి ఒక దోషాన్ని మాత్రమే ఎంచుకొని, ఈ వారం కర్తృక్రియల పొందిక, వచ్చే వారం పేరా విభజన అని దృష్టిని కుదిస్తే, దిద్దేవాడికి శ్రమ తగ్గుతుంది, వ్రాసేవాడికి గుర్తుంటుంది. దోషమున్న పంక్తి కింద గీత గీసి వదలివేయడం, సవరణ విద్యార్థికే విడిచిపెట్టడం ఇంకా మేలు.

ఏమి వ్రాయించాలన్న చిక్కు ప్రాచ్య కళాశాలలకు ఉండకూడదు. అవధానప్రక్రియ వారి ఇంటి సొత్తు. పద్యానికి సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి ఉన్నట్లు వచనానికి ఎందుకు ఉండరాదు? నాలుగు పదాలిచ్చి ఒక పేరా అల్లమనవచ్చు. చివరి వాక్యమిచ్చి దాన్ని సమర్థించే పుట వ్రాయమనవచ్చు. నిషిద్ధాక్షరికి బదులు నిషిద్ధపదం పెట్టి, ‘యొక్క’ అనే మాటగాని, ‘బడు’ ధాతువుగాని లేకుండా పది వాక్యాలు వ్రాయమంటే సగం కృతకత్వం ఆ రోజే వదులుతుంది. ‘కవిచే వర్ణించబడినది’ అని వ్రాయడం అలవాటైనవాడు ‘కవి వర్ణించాడు’ అన్న చిన్నవాక్యం దగ్గరికి ఎంత కష్టపడి చేరుకుంటాడో చూడడం అధ్యాపకునికి వినోదమే కాదు, పాఠం కూడా.

అరవైమంది ఉన్న తరగతిలో ఇది సాధ్యమా అనే ప్రశ్న న్యాయమైనదే. అధ్యాపకస్థానాలు ఖాళీగా ఉన్న కళాశాలల్లో మిగిలినవారిపై ఎంత భారం పడుతుందో ఊహించవచ్చు. అయినా లెక్క అంత భయంకరమైనది కాదు. రోజూ మొదటి గంటలో 15 నిమిషాలు, అరపుట. ఏడాదికి 180 పనిదినాలు అనుకుంటే 90 పుటలు. అధ్యాపకుడు రోజుకు 10 పుస్తకాలు చూస్తే ఆరు రోజుల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. తక్కిన రోజుల్లో విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చొని ఒకరిది ఒకరు పైకి చదవాలి. చదివేవాడి నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం సరిగా లేదని గుర్తు. దీనికి అధ్యాపకుని అవసరమే లేదు. రాజశేఖరుడు చెప్పిన కొద్దిమంది పరిషత్తు ఇదే.

ఈ అరపుటకు మార్కులు పెట్టాలా అన్నదానిలో భిన్నాభిప్రాయాలున్నాయి. మార్కులు లేనిదే విద్యార్థి వ్రాయడని కొందరి వాదం. కాని మార్కు వచ్చిన మరుక్షణమే గైడు కూడా వస్తుంది. మార్కులకు బదులు నోటుపుస్తకాలను భద్రపరచడం మంచిది. మొదటి సంవత్సరంలో వ్రాసిన పుస్తకాన్ని కళాశాలలోనే ఉంచి, మూడవ సంవత్సరం చివర దాన్ని అతని చేతికే ఇచ్చి, ఎర్రసిరా కలం కూడా ఇచ్చి, దిద్దమనాలి.