సముద్రపు బురదలో మన వానల లెక్క

బోధన్ ప్రాంతపు చెరకు రైతును వానల సంగతి అడిగినచో, తండ్రినాటి మాటతో మొదలుపెట్టును. మృగశిరలోనే దుక్కి తడిసేదనును. అది అబద్ధమని నేననను. కాని మనిషి జ్ఞాపకము రెండు మూడు తరములను దాటదు. నిజాంసాగరు 1931లో పూర్తియైనది. దానికి ముందటి మంజీర వరదలను ఎరిగినవారు నేడు మనలో లేరు.

అంతకన్న పాత లెక్క సముద్రములో దొరకినది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకై వచ్చిన ఓడ, గోదావరి ముఖమున కెదురుగా బంగాళాఖాతము అడుగునుండి బురదను పొరలు చెదరకుండ గొట్టముతో పైకి తీసినది. దానిని పరీక్షించి పోంటన్, జియోసాన్ మొదలగు శాస్త్రజ్ఞులు 2012లో ఫలితములు ప్రకటించిరి.

ఆకుమీద నీరు నిలువక జారుటకు దానిపైనున్న పలుచని మైనపు పూత కారణము. ఆ మైనము వరద మట్టితో కొట్టుకొనిపోయి, సముద్రగర్భమున వేల ఏండ్లు చెడక నిలుచును. జొన్నవంటి ఎండకోర్చు గడ్డిజాతుల మైనములో బరువైన కర్బనము, చెట్ల మైనములో కన్న, కొంత హెచ్చు. (చెరకు కూడ ఆ జాతిదే గాని, దాని దాహము మనకు తెలియనిది కాదు.) పొరలవారీగా చూడగా, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి 1,700 ఏండ్ల క్రిందటివరకు గోదావరి పరీవాహకమున మెట్టజాతి మొక్కలు క్రమముగా పెరిగినవి, ఆ తరువాత తగ్గలేదు. ఋతుపవనము తరతరములపాటు సన్నగిల్లవచ్చునన్నమాట.

కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలియును గనుక ఆ బురదలో మన నేల కూడ ఉన్నది. వానలు తగ్గిన ఆ కాలముననే దక్కను నల్లరేగడి కోత పెరిగినదని 2017లో ప్రచురించిన పరిశోధన చెప్పుచున్నది. పచ్చని కప్పు పలుచనై, సేద్యము విస్తరించగా, వచ్చిన కొద్ది వానయే మట్టిని కోసినది. గట్లు వేయుటకు ఇంతకన్న పాత సాక్ష్యము నేనెరుగను.

అయితే బురద శతాబ్దముల లెక్క చెప్పును, ఏటేటి లెక్క చెప్పదు. పైగా నిజాంసాగరు, శ్రీరాంసాగరు పూడికను ఆపుచున్నవి. మన కాలపు మట్టి చాలవరకు సముద్రము చేరదు. కావున మన లెక్క మనమే వ్రాసి ఉంచవలెను. మండలములలో స్వయంచాలక యంత్రములున్నవి, నిజమే. కాని ఒక ఊరిలో కురిసిన వాన పక్క ఊరిలో కురియదు. గ్రామాధికారులు ప్రతి ఉదయము 8-30 గంటలకు వానమాపకము చూచి పుస్తకములో ఎక్కించవలెను. వాన లేనినాడు సున్న వ్రాయవలెను. చూడనినాడు గడి ఖాళీగా విడువవలెను గాని, నెలాఖరున ఊహించి నింపరాదు.

చెరకు పది పన్నెండు నెలలు పొలములో నిలుచు పైరు. నాటబోవు రైతు నిరుటి నిండు జలాశయమును గాక, ఆ పుస్తకమును అడిగి చూడవలెను.