బాలింతకు నీళ్ళు కొలిచి పోయకండి

అమెరికా ఆసుపత్రిలో కాన్పు, ఇంటికి రాగానే మన పథ్యం. ఈ రెండింటి మధ్యా నలిగేది కుట్లు పడ్డ పిల్ల. గ్లాసెడు మంచినీళ్ళడిగితే "పొట్ట పెరుగుతుందే" అంటారు. కూరలు వాతమట, పళ్ళు తింటే బిడ్డకు జలుబట. మిగిలింది వెల్లుల్లి కారం, అన్నం. నాలుగో రోజుకి మలబద్ధకం. ముక్కితే భారమంతా కుట్ల మీదే. భయపడి ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది. పాలిచ్చే తల్లికి ఇదేం పథ్యమండీ?

అంత దూరం నుంచి కాయం డబ్బాలు మోసుకొచ్చే అమ్మల మీద మాకు కోపం లేదు. విశ్రాంతి, నూనె, తలస్నానం అన్నీ కానివ్వండి. నీళ్ళ చెంబు మాత్రం పిల్ల పక్కనే పెట్టండి.

డాక్టర్లేమీ తక్కువ తినలేదు. తొలి కాన్పుకు ముందుజాగ్రత్తగా కోత పెట్టాలని షికాగో వైద్యుడు జోసెఫ్ డిలీ 1920లో వాదించాడు. దశాబ్దాలు అదే ఆనవాయితీ అయింది. అలవాటుగా కొయ్యవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థ 2006లో చెప్పింది. కొయ్యకపోయినా చిరుగులు పడతాయి కనుక గాయం సంగతి తెలియక తప్పదు. మొదటి రోజు గుడ్డలో చుట్టిన మంచు. తరువాత గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో పది నిమిషాలు కూర్చోవడం. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా సీసాతో నీళ్ళు పోసుకుని ముందు నుంచి వెనక్కి అద్దుకోవడం.

మన మగవాళ్ళు బిడ్డ బరువు ఔన్సులతో సహా చెబుతారు. భార్య కూర్చోగలుగుతోందా అంటే నేల చూపులే. (అందులో డాక్టర్లూ ఉన్నారు!) జ్వరం, చీము, దుర్వాసన, తగ్గవలసిన నొప్పి పెరగడం, ఏది కనిపించినా ఆరు వారాల పరీక్ష దాకా ఆగకండి. ఆమె సిగ్గుపడితే ఆ రోజే మీరు ఫోను చెయ్యండి.